ఫ్లాపీలో నూనె చుక్క

ఫ్లాపీని చదవనని కంప్యూటరు మొండికేసింది.

ఎజ్రా దాన్ని బయటికి తీశాడు. మళ్లీ పెట్టాడు. యంత్రం గుర్రుమంది తప్ప తెర మీద ఏమీ రాలేదు.

"ఏంట్రా? ఏమైంది?" పున్నమ్మ కొడుకు భుజం మీదుగా తెరలోకి తొంగి చూసింది.

ఆట సరిగా ఉందో లేదో ఆఖరిసారి చూసుకుందామని, తల్లీకొడుకులు రేపల్లె పాసింజరు దిగి నేరుగా తెనాలిలోని ఈ కంప్యూటర్ సెంటరుకే వచ్చారు. గంటలో హైదరాబాదు బండి. కంప్యూటర్లో ఆడుకునే ఆటలు తయారు చేసే కంపెనీలో రేపు ఇంటర్వ్యూ. అనుభవం లేకపోతే సొంతంగా చేసిన ఆట ఒకటి తెచ్చి చూపించమని వాళ్లు ఉత్తరం రాశారు.

బీయస్సీ ఫిజిక్సు చదివినవాడికి అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది? ఎనిమిది నెలలు ఇక్కడే కూర్చుని ఆట తయారు చేశాడు ఎజ్రా. రాయి విసిరి జామకాయలు రాల్చే ఆట. అదంతా ఈ నల్ల బిళ్లలోనే ఉంది.

ఫ్లాపీకున్న రేకు మూత జరిపి చూశాడు. లోపల జిడ్డు.

"అమ్మా!"

పున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్క చుక్కేరా! పాస్టరయ్యగారు ప్రార్థన చేసిచ్చిన నూనె. బాపట్లలో నీ పరీక్షలకి హాల్ టికెట్ మీద రాస్తే ఫస్టు క్లాసు రాలేదూ? పైన రాస్తే తుడుచుకుపోద్దని, మూత జరిపి లోపలేశా."

ఎజ్రా ఫ్లాపీని చొక్కా అంచుతో తుడవబోయి, మానేసి బల్ల మీద పెట్టాడు. తిట్టినా బాగుండునని ఉంది ఆమెకు.

"ఇంకోటి లేదా నాయనా?"

"లేదమ్మా. ఇక్కడి కంప్యూటర్లలో ఎవరివీ ఉంచరు. నిన్ననే చెరిపేశారు."

"నా దగ్గరుంది పిన్నిగారూ."

వెనక్కి తిరిగితే వెంకటరత్నం.

దుగ్గిరాల పసుపు యార్డులో గుమాస్తా. ముప్పై దాటినవాడు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ పసుపే. సాయంత్రమయ్యేసరికి ఇక్కడికొచ్చి ఎజ్రా పక్కన కూర్చుని ఆ ఆటే ఆడేవాడు. 'రాయి అలా పడదు తమ్ముడూ, ఇంకాస్త వంగి పడాలి' అని తప్పులు పట్టేవాడు.

ఇంత మనిషి పిల్లాడి పక్కన ఎందుకు చేరాడా అని పున్నమ్మకు నిద్ర పట్టేది కాదు. పోయిన నెల పనిగట్టుకుని వచ్చి మొహానే అడిగేసింది. "మావాడి కష్టం కాజేద్దామనా బాబూ?"

అతను నవ్వేసి మళ్లీ ఆటలో పడ్డాడు.

ఇప్పుడు జేబులోంచి ఫ్లాపీలు తీశాడు. రెండున్నాయి. పేర్లు చూసుకుని ఒకటి ఎజ్రా చేతిలో పెట్టాడు.

"చూశావా! కాపీ చేశాడు! నే చెప్పలా?" అరిచింది పున్నమ్మ.

"చేశానండి. ఆడి చూడమని తమ్ముడిచ్చినప్పుడు చేసుంచా. ఫ్లాపీని నమ్మకూడదు, ఎప్పుడేమవుద్దో తెలీదు. నూనె సంగతి మాత్రం నాకూ తట్టలేదండోయ్!"

ఎజ్రాకు నవ్వొచ్చింది. తెర మీద పచ్చటి జామచెట్టు విచ్చుకుంది. రాయి పైకి లేచి, వంగి, కాయను రాల్చింది.

పున్నమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "స్తోత్రం ప్రభువా!"

"పద తమ్ముడూ, బండి టైమైంది. నేనూ దానికే."

అప్పుడు చూసిందామె. అతని చేతిలో సంచి, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా.

"నువ్వెందుకు బాబూ హైదరాబాదు?"

"చిన్న పనుందండి."

వదిలిందనుకున్న భయం మళ్లీ పట్టుకుంది. బండి కదిలేముందు కిటికీలోంచి కొడుకు చెవిలో చెప్పింది. "అతనిచ్చిన టీ తాగమాకు. ఫ్లాపీ బనీన్లో పెట్టుకో."

మూడోనాడు ఎజ్రా రేపల్లె వచ్చాడు. వాడి మొహం చూడగానే తెలిసిపోయింది.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మా. సోమవారం చేరాలి."

ఎనిమిది నెలలుగా గుండెల మీదున్న బండ దిగినట్టయింది పున్నమ్మకు. ఏడ్చింది, నవ్వింది, వాడి నోట్లో గుప్పెడు పంచదార పోసింది. ఊపిరి కుదుటపడ్డాక గుర్తొచ్చింది.

"ఆ రత్నానికి సున్నుండలు చేసి పట్టుకెళ్దాంరా. ఊరికే నోరు పారేసుకున్నాను. ఆ రోజు అతను లేకపోతే ఏమయ్యేవాళ్లం! ఇంతకీ అతని పనైందా?"

ఎజ్రా తలొంచుకుని బూట్ల తాళ్లు విప్పుతున్నాడు.

"కాలేదమ్మా. అక్కడికెళ్లాకే నాకూ తెలిసింది. ఉద్యోగం ఒక్కటే, పిలిచింది ఇద్దర్నే. ఆ రెండో ఫ్లాపీలో ఉన్నది రత్నం అన్నయ్య చేసిన ఆట."