సంజాయిషీ నమూనా

“పోయిన ఫైలు నేను తీయలేదని రాయాలండీ. ఇందులో ఆ మాటకి చోటేదీ?” పెద్ద గుమస్తా అచ్చు కాగితాన్ని మేనేజరమ్మ ముందు పెట్టాడు.

‘నా వల్ల జరిగిన తప్పుకు కారణం’ అని మొదలయ్యే సంజాయిషీ కాగితమది. ‘ఇకపై జరగనివ్వను’తో ముగుస్తుంది.

“ఆ నమూనా మీరు తయారుచేసిందే కదండీ. అందులో రాస్తేనే పైవాళ్ళు తీసుకుంటారు. మధ్యాహ్నంలోగా ఇచ్చేయండి,” అందామె.

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది గుమస్తా పని. తన కుర్చీలోకి వచ్చి, తెల్లకాగితం తీసి సొంతంగా రాయబోయాడు. ఇరవై ఏళ్ళుగా అందరి సంజాయిషీలూ రాసిపెట్టిన చెయ్యి ‘నా వల్ల జరిగిన’ దాకా దానంతటదే రాసేసింది. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అవే మాటలు.

“నేను తీయలేదమ్మా,” అన్నాడు, పక్క బల్ల తుడుస్తున్న పనిమనిషితో.

“నేనూ అదే చెప్పాను సార్, అప్పుడు బీరువా తాళాలు పోయినప్పుడు. నాకు చదువు రాదని మీరే రాసిపెట్టారు.”

గుమస్తా కలం ఆగింది. “ఏమని రాశాను?”

“నాకేం తెలుసు సార్. వేలిముద్ర వేయమన్నారు, వేశాను.” ఆమె గుడ్డ పిండుకుంది. “మర్నాటినుంచి ఆ బీరువా గదిలోకి నన్ను రానివ్వలేదు. నేను తీయలేదని మీరు రాయలేదా సార్?”