చెవికి ఆనించిన గుడ్డు

కిరసనాయిలు బుడ్డి పక్కన పెట్టుకుని అసిరమ్మ గంపలోకి చెయ్యి పోనిచ్చింది. పొదుగుతున్న పెట్ట పొడవలేదు, కసురుకోలేదు. ఈపాటికి పిల్లలు బయటపడాల్సింది. ఒక గుడ్డు తీసి చెవికి ఆనించింది. లోపల ముక్కు చప్పుడు లేదు. రెండోది పట్టుకోగానే పెంకు వేళ్ల మధ్య మెత్తగా కుంగిపోయింది.

ఈ పెట్ట తల్లి గుడ్లకీ పెంకులు పలచనే. దీని అమ్మమ్మకి మాత్రం గంపనిండా పిల్లలు. కొత్తరకం వరి వేసిన ఆ ఏడు, ఆ పిల్లలకి పేలు పట్టకూడదని అసిరమ్మ గంపలో బూడిదకి బదులు చేనుకి పురుగు పట్టకుండా చల్లే తెల్లపొడి పరిచింది. పేలు నిజంగానే పోయాయి. అప్పుడెంత మురిసిపోయిందో!

"ఏటమా, ఇంకా పడుకోనేదా?" చాప మీంచి కూతురు తవిటమ్మ అడిగింది. తొలికానుపుకి పుట్టింటికి వచ్చిన పిల్ల.

"గుడ్లు సూత్తన్నానే."

"ఆ గంప వోసన ఇంకా పోనేదు. ఆ ఏడు నా తలకీ అదే పొడి రాసినావు, గురుతుందా? ఒక్క పేనుంటే ఒట్టు!" తవిటమ్మ నవ్వి, కడుపు మీద చెయ్యి వేసుకుంది. "పొద్దుట్నించి ఈడు కదల్నేదమా. నిద్దరోతన్నాడు కావాల."

అసిరమ్మ చేతిలోంచి గుడ్డు జారింది. మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, కూతురి కడుపుకి చెవి ఆనించింది.

"ఏటి ఇనబడతంది?"

అసిరమ్మ చెవిని కడుపుకి ఇంకోవైపు జరిపి ఆనించింది. వెనకాల, ఒక్క పిల్లా బయటపడని గంపలోంచి పెట్ట, పుట్టిన పిల్లల్ని పిలుచుకునే గొంతుతో, మెల్లగా పిలవడం మొదలుపెట్టింది.