రోమ్ నడక

"చక్రం మళ్లా ఇరుక్కుంది," అంటూ బాబురావు చార్మినార్ ముందు పరిచిన రాళ్ల మీద సూట్‌కేసుతో నిలబడిపోయాడు. అందులో బియ్యం మూట ఉంది. వచ్చే నెల భార్య మాణిక్యమ్మతో రోమ్ వెళ్లాలి. అక్కడ పాత వీధులన్నీ రాళ్ల బాటలేనని, ఎవరి సామాను వాళ్లే లాక్కోవాలని టూరువాళ్లు చెప్పినప్పటి నుంచి రోజూ సాయంత్రం హుస్సేనీ ఆలం నుంచి ఇక్కడిదాకా ఇదే ప్రాక్టీసు.

"జర కూసో," అంది మాణిక్యమ్మ.

"నాకేమైంది? ఆడ గుంపుతోని నడవాలె. మనకోసం ఎవ్వరు ఆగరు..." మాట మధ్యలోనే ఆయాసం వచ్చింది.

మాణిక్యమ్మ గాజుల దుకాణం మెట్టు మీద కూలబడింది. "నాతోని కాదయ్యా. మోకాళ్లు గుంజుతున్నయ్. టూరు వద్దని చెప్పు."

"నీతోని ఎప్పుడూ గింతే!" కసిరాడు గానీ, పక్కనే కూర్చున్న బాబురావు ముఖం తేటపడింది. "సరే తియ్. నీ కోసమే బంద్ చేస్తున్న. ఆటో పిలుస్త."

"గింత దూరానికి ఆటో ఎందుకు?"

మాణిక్యమ్మ అతని భుజం మీది తువ్వాలు తీసి, చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, బియ్యంతో సహా సూట్‌కేసు ఎత్తుకుంది. ఆ రాళ్ల మీదే చకచకా నడుచుకుంటూ పోయింది. మలుపులో వెనక్కి తిరిగింది. నోరు తెరుచుకుని చూస్తున్న భర్త కనబడగానే కుంటడం మొదలుపెట్టింది.

బాబురావు మెల్లగా వెళ్లి ఆమె పక్కకు చేరాడు.

"నిమ్మళంగ నడువే," అన్నాడు ఆమె ముఖంలోకి చూడకుండా. "మోకాళ్లు మళ్లా గుంజుతయ్."