సగం చెప్పిన కూర

"తినకుంటే లేసి పో బావా. ఇస్తరి ముందర పెట్టుకొని అలిగి కూసుంటవేంది?" అన్నాడు బావమరిది యాదగిరి. నన్ను పాలకీడు నుంచి లాక్కొచ్చింది వాడే.

సూర్యాపేటలో సర్జన్ ప్రభాకర్ రెడ్డి పెద్దకర్మ భోజనం. కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లు ఆయన వేసిన కుట్లు ఒకరికొకరు చూపించుకుంటూ తింటున్నారు. నా భార్య సైదమ్మ మాత్రం ఆయన ఆపరేషన్ బల్ల మీది నుంచి లేవలేదు. ఈ ఇంట్లో మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

డాక్టర్ కూతురు కరుణ గిన్నెతో వచ్చింది. "నాన్నకు ఇష్టమైన సైదమ్మ కూర, పెద్దాయనా. చింతచిగురు మటన్."

"ఏ సైదమ్మ?"

"పాలకీడు ఆమె. మత్తు ఇచ్చేటప్పుడు భయం పోవాలని నాన్న అందర్నీ అడిగేటోళ్లు, లేచినంక నాకేం వండిపెడ్తవని. ఆమె ఈ కూర ఎట్ల వండాలో చెప్పుకుంటనే నిద్రపోయింది. మళ్ల లేవలే. నాన్న ఏటా ఇదే వండించుకునేటోళ్లు. తిన్నప్పుడల్లా, ఇంకేదో తక్కువైందనేటోళ్లు."

యాదగిరి నమలడం ఆపాడు.

నేను ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

"తక్కువే," అన్నాను. "దించే ముందల ఏంచిన నువ్వుల పొడి ఎయ్యాలె. ఇంకింత ఎయ్యి బిడ్డా."