అలసట మచ్చు

మా ఆవిడ ఝాన్సీ ఐసీయూ నర్సు. డ్యూటీ దిగి చేతి పట్టీ నొక్కగానే ఆమె అలసటంతా నా పట్టీలోకి వచ్చేస్తుంది. ఐసీయూ వాళ్ల ఇళ్లన్నిటా ఇప్పుడిదే పద్ధతి. ఆమె నవ్వుతూ వంకాయలు తరుగుతుంటే, మిర్చి కొట్టు మూసి వచ్చిన నేను ముఖం తెలియని రోగుల కోసం ఏడుస్తాను. ఇళ్లలో మేం మోసినకొద్దీ ఆసుపత్రి కొత్త నర్సులను పెట్టుకోవడం మానేసింది.

నిన్న ఆసుపత్రి మేనేజర్ పానకాలరావు శాలువా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“మీ పుణ్యమా అని మేడమ్ అసలు అలిసిపోవట్లేదండీ. రేపట్నుంచి రెండు షిఫ్టులు చేస్తారు.”

“మరి నేను ఇంటికెప్పుడు రావాలి సార్?” అంది ఝాన్సీ. కత్తిపీట మీద వంకాయ తరుగుతున్న ఆమె చేయి ఆగిపోయింది.

“మా మిర్చి యార్డులో మచ్చు చూడకుండా ఎవరూ సరుకు ఎత్తరండీ. మీరూ చూడండి,” అని నా పట్టీ ఆయన చేతికి తొడిగాను.

పానకాలరావు కుర్చీలోంచి జారి నేలమీద కూలబడ్డాడు. “ఆ మూల మంచం పిల్లాడు...” అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. పట్టీ ఊడబీక్కున్నా ఏడుపు ఆగలేదు. బుద్ధి వచ్చిందనుకున్నాను.

ఆయన శాలువాతో ముక్కు తుడుచుకుని, “ఈ అలసటని మా ఆవిడకి పంపే వీలుందాండీ?” అని అడిగాడు.

“ఆవిడదాకా ఎందుకండీ? ఝాన్సీకి ఒకటే షిఫ్టని రాసివ్వండి. నా సరుకు నేనే వెనక్కి తీసుకుంటాను.”