దర్రీ అంచు ఎరుపు

ల్యాప్‌టాప్ తెర మీద, నేల మీద పరిచే నూలు దర్రీ ఫొటో సగం వచ్చి ఆగిపోయింది.

మహిపాల్ మౌస్ మీంచి చెయ్యి తీయలేదు. కొత్తవాడ చేనేత సంఘం గదిలో అందరూ అతని వెనకే నిలబడి ఉన్నారు.

"నేనన్నది ఇదే," అంది రమ. హైదరాబాద్‌లో దర్రీలు అమ్మే ఓ పెద్ద దుకాణం తరఫున వచ్చిందామె. "బ్రౌజర్ ఉన్నది వార్తలు చదువుకోవడానికి. ఫొటోలో రంగులు మార్చి డిజైన్ చేయడం దానివల్ల కాదు. మంచి సాఫ్ట్‌వేర్ కొనుక్కోండి."

"దానికి పెద్ద కంప్యూటర్ గావాలె మేడమ్," అన్నాడు సంఘం అధ్యక్షుడు కైలాసం. "మా దగ్గరున్నయి ఫోన్లే. మా మహిపాల్ చేసిన ఈ డిజైన్ పేజీ బ్రౌజర్ల నడుస్తది, ఫోన్ల సుత ఓపెనైతది."

ఆ గొంతులో ధీమా లేదు. ఇవాళ రమ కాదంటే ఆర్డర్ పోతుంది. ఉద్యోగం వదిలి మహిపాల్ పడ్డ కష్టమంతా మట్టిలో కలుస్తుంది.

తెర కదిలింది. దర్రీ మొత్తం కనిపించింది.

"అంచు ఎరుపు చేసి చూపించండి," అంది రమ.

చేతికందే దూరంలోనే రంగురంగుల నూలు కట్టలున్నాయి. మహిపాల్ లేవలేదు. "అక్కా, ఎర్ర నూలు జర నువ్వే తీసియ్యవా," అని నూలుకు రంగులద్దే భాగ్యమ్మను అడిగాడు. ఆమె ఇచ్చిన కట్టను ఫోన్‌తో ఫొటో తీసి, ఆ రంగును అంచుకు పెట్టాడు.

రమ ముఖం చిట్లించింది. "ఇది ఈ నూలు రంగేనా?"

మహిపాల్ భాగ్యమ్మ వైపు తిరిగాడు. "నీకెట్ల కనవడ్తాంది అక్కా?"

"వెలిసిన ఇటుక లెక్కున్నది తమ్మీ."

రమ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"ఒక్క నిమిషం మేడమ్." మహిపాల్ మళ్లీ తెర వైపు తిరిగాడు. అంచు మీద నొక్కి, పక్కన వచ్చిన రంగు అంకెలు చదివాడు. ఎక్కడ తప్పు జరిగిందో అప్పుడు తట్టింది. "తప్పు బ్రౌజర్‌ది కాదు. ఫోన్ కెమెరా రంగులను ఏ లెక్కల చదవాలెనో దానికి నేనే చెప్పలే."

కోడ్‌లో ఒక వరుస మార్చి పేజీ మళ్లీ తెరిచాడు. ఈసారి తెర వైపు చూడలేదు. భాగ్యమ్మ ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె కొంగుతో తెర తుడిచింది. నూలు కట్ట పక్కన పెట్టి చూసింది.

"ఇగో, ఇది మన ఎరుపు."

రమ వంగి చూసింది. తన ఫోన్‌లోనూ తెరిచి చూసింది. తర్వాత బ్యాగు దించి కుర్చీలో పెట్టింది.

"బ్రౌజర్ మీద నాకింకా పూర్తి నమ్మకం లేదు," అంది. "కానీ రంగులో తేడాను ఇంత తొందరగా పట్టుకున్నారంటే, మీ కళ్లను నమ్మొచ్చు. ఆర్డర్ పంపిస్తాను."

కైలాసం మహిపాల్ భుజం తట్టాడు. మహిపాల్ నవ్వి ల్యాప్‌టాప్ మూశాడు.

పుట్టినప్పటి నుంచీ అతని కళ్లకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే.