లక్ష్ముడి బస్సుకి టర్బో

"మా అమ్మాయి ఇంతవరకూ ఒక్క ఫిజిక్స్ క్లాసూ వినలేదటండీ. ఫస్ట్ పీరియడ్ అయిపోయాకే బస్సు వస్తోందట. ఇదేం చదువు?"

నర్సీపట్నంలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీ వరండాలో అలివేలుమంగ నిలదీసింది. ప్రిన్సిపాల్ నారాయణమూర్తి గారు నొచ్చుకున్న మొహం పెట్టి, గేటు పక్కనున్న పాత బస్సుకేసి చెయ్యి చూపించారు. తప్పంతా దానిదేనన్నారు. ఆరు సిలిండర్ల ఇంజనే గానీ ముసలిదైపోయిందనీ, నక్కపల్లి నుంచి పిల్లలందర్నీ మోసుకొచ్చేసరికి దానికి ఆయాసం వస్తోందనీ చెప్పారు. ఆ చిన్న కాలేజీలో చదివేవాళ్లంతా ఆ ఒక్క బస్సులో వచ్చేవాళ్లే.

అద్దాలు తుడుస్తున్న డ్రైవర్ లక్ష్ముడికి ఆ మాట గుచ్చుకుంది. చెరకు ట్రాక్టర్లు తన బస్సుని దాటిపోతుంటే పిల్లలు వాటికి టాటా చెప్పడం ఇన్నాళ్లూ భరించాడు. ఇప్పుడు చదువులు పాడుచేశాడన్న నింద కూడా నెత్తిన పడింది.

శనివారం సాయంత్రం పిల్లల్ని దింపేసి, బస్సుని తిన్నగా మెకానిక్ వీరేంద్ర షెడ్డుకి తోలుకెళ్లాడు. వీరేంద్ర అతనికి వరసకు బావ.

"దీనికి టర్బో బిగించీ బావా."

వీరేంద్ర ఇంజనంతా తడిమి చూశాడు. "ఇంజను గట్టిదే. పొయ్యిని గొట్టంతో ఊదుతారు సూడు, ఇదీ అంతే. బయటికి పోయే పొగ సక్రాన్ని తిప్పుతాది, ఆ సక్రం ఇంజన్లోకి గాలి ఊదుతాది. మరీ ఎక్కువ ఊదితే మాత్రం ఇంజను మీదున్న హెడ్డు మూతలా లేసిపోతాది."

"పిల్లలు బెల్లుకి అందినంత ఊదితే సాలు."

తుక్కు కింద అమ్మేసిన లారీ నుంచి టర్బో తెచ్చారు. దానికి ఆయిలు పైపులూ గాలి గొట్టాలూ అమర్చేసరికి ఆదివారమంతా గడిచిపోయింది.

సోమవారం పొద్దున్న బస్సు ఈల వేసుకుంటూ బయల్దేరింది. ఆ ఈల విని, దారి పక్కన బట్టలారేస్తున్న ఒకామె స్టవ్ కట్టడానికి లోపలికి పరిగెత్తింది. ఏటికొప్పాక దగ్గర బస్సు చెరకు ట్రాక్టర్ని దాటేసింది. ట్రాక్టరు డ్రైవరు బండి ఆపి, దిగి, తన టైర్లలో గాలి ఉందో లేదో చూసుకున్నాడు. ముందు సీట్ల పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫిజిక్స్ తప్పదని అర్థమైన వెనక సీట్లవాళ్లు మాత్రం దిగాలుపడ్డారు.

బెల్లు కొట్టకముందే బస్సు గేట్లోకి వచ్చేసింది. అలివేలుమంగ కూతురు లక్ష్మీసాహితి పరుగున వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది.

లక్ష్ముడు మీసం దువ్వుకుని, మెప్పు కోసం ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. నారాయణమూర్తి గారు కిటికీలోంచి నిండిన క్లాసుని చూస్తూ చెమటలు కక్కుతున్నారు. అతను రాగానే తలుపు మూసి, బస్సుకి తగిలించిందేదో ఇవాళే తీసెయ్యమని గొంతు తగ్గించి బతిమాలారు.

"తీసీడమేటండి? బండి బేగొచ్చీసింది కదా. పిల్లలు క్లాసులో కూకున్నారు."

"అదేనయ్యా నా బాధ. బస్సు ఎలాగూ అందదు కదాని, ఆ పీరియడ్‌కి నేను లెక్చరర్నే పెట్టలేదు."